అవినీతి విచారణలు – వాటి కాలం, వాటి వ్యయం

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన వారికి కాలువల కట్టివేత కొత్త సంగతి కాదు. వేసవి వచ్చుసరికి ప్రకాశం బ్యారేజి నుండి బందరు కాలువకు, ఏలూరు కాలువకు, రైవస్ కాలువకు నీటిని నిలిపివేయుదురు. ఆ కొద్ది వారాలలోనే పూడిక తీయవలెను. గండిపడిన కట్టలను పూడ్చవలెను. లాకుల తలుపులు బాగుచేయవలెను. నారుమళ్లకు నీరు వదలు నాటికి పని ముగిసినచో శివారు పొలం వరకు నీరు పారును. ముగియనిచో నీరు ఆగదు. సగం పని మీదుగనే పారును. అప్పుడు ఎంత మట్టి తీసినారో, ఎంత తీయలేదో నీటి అడుగున ఎవరు కొలువగలరు? బిల్లు మాత్రం చెల్లిపోవును. పూడిక మాత్రం మిగిలిపోవును. నష్టపోవువాడు శివారు రైతు.

ప్రజాజీవితంలోని అవినీతిపై జరుగు బహిరంగ విచారణ కూడ ఇట్టిదేనని మేము భావించుచున్నాము. దానికి ఒక అదను ఉన్నది. ఆ అదనులో ముగిసిన విచారణ ప్రజలకు మేలు చేయును. అదను తప్పిన విచారణ ఖజానాకు భారమై, నిందితునికి శిక్షయై, ప్రజలకు నిరాశయై మిగులును. ఒక విచారణకు ఎంత కాలం పట్టవలెను, ఎంత ఖర్చు కావలెను, ఆ రెండింటికి నడుమ సంబంధమేమి అను ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము. ఏ రాజకీయ పక్షాన్ని సమర్థించుటగాని, ఏ పక్షాన్ని నిందించుటగాని మా ఉద్దేశం కాదు.

రెండు భాషల ఉమ్మడి మాటలు

ఉర్దూ, తెలుగు రెండును వినిపించు మన కళాశాలలో ఈ విషయాన్ని మాటలతోనే ప్రారంభించుట ఉచితం. లంచం, నేరం, సాక్ష్యం, తీర్పు అను మాటలు తెలుగులో తరతరాలుగా ఉన్నవి. దర్యాప్తు, రుజువు, జవాబు, వసూలు, బాకీ, ఖర్చు, వకీలు అను మాటలు పారశీక, అరబ్బీ భాషల నుండి ఉర్దూ ద్వారా మన పల్లెల వరకు వచ్చి తెలుగు మాటలైపోయినవి. డెల్టా రైతు ఎవరైనను ఈ రెండు వరుసల మాటలను కలిపియే మాట్లాడును.

వీనిలో ఒక మాటను ప్రత్యేకంగా గమనింపవలెను. అది ‘మామూలు’. దానికి అసలు అర్థం ఆచారం, వాడుక, ఎప్పుడును జరుగునది అని. కాని కచ్చేరీల చుట్టు తిరిగి తిరిగి ఆ మాట లంచానికి మారుపేరైనది. ‘మామూలు ఇచ్చినాను’ అని ఒక రైతు అన్నప్పుడు అతడు ఇచ్చినది ఎంతో మనకు తెలియకపోవచ్చును గాని, ఇచ్చినది ఏమిటో తెలియును. తప్పు ఆచారమైనప్పుడు దానిని విచారించువాడే ఆచారం తప్పినవానివలె కనిపించును. విచారణల కష్టమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

గుంటూరు కచ్చేరి గాథ

అవినీతిపై విచారణ మన ప్రాంతానికి నిన్న మొన్న వచ్చినది కాదు. కృష్ణకు కుడి గట్టున నున్న గుంటూరు జిల్లా ఇందుకు మంచి ఉదాహరణ. 1832–33 నాటి కరువును మన పెద్దలు డొక్కల కరువు అని పిలిచినారు. సుమారు 5 లక్షల జనాభాలో రమారమి 2 లక్షల మంది నశించినట్లు చరిత్రకారులు చెప్పుదురు. ఆ తరువాత జిల్లా నుండి కుంపిణీ ప్రభుత్వానికి రావలసిన శిస్తు ఏటేట తగ్గసాగినది. రైతులు బీదలైనారు. ఒకవైపు జమీందారుల దుబారా, బలవంతపు వసూళ్లు. మరియొకవైపు రెవిన్యూ ఉద్యోగుల అపహరణ. కంచే చేను మేసినట్లైనది.

ఈ సంగతిని విచారించుటకు 1845లో వాల్టర్ ఎలియట్ అను సివిల్ ఉద్యోగిని నియమించినారు. ఆయన 1846లో నివేదిక సమర్పించినారు. ఒక జిల్లా, ఒక అధికారి, ఒకే ప్రశ్న: ఈ జిల్లా ఆదాయం ఎచ్చటికి పోవుచున్నది? విచారణ పరిధి ఇరుకుగా నుండుటచే అది రమారమి ఒక సంవత్సరంలో ముగిసినది. ఆయన సిఫారసులను మదరాసు ప్రభుత్వం పూర్తిగా ఆమోదింపలేదు గాని, లండనులోని కుంపిణీ డైరెక్టర్లు మెచ్చుకొని, ఉత్తర సర్కారుల పాలనకంతకు ఆయననే కమిషనరుగా నియమించినారు. ఇదే ఎలియట్ 1845లో అమరావతి స్తూపం వద్ద త్రవ్వకాలు జరిపించి శిల్పాలను వెలికి తీయించినాడు. ఆ శిల్పాలు మొదట మదరాసుకు, తరువాత లండనుకు తరలిపోయినవి. ఒకే మనిషి ఒకే కాలంలో భూమిలో పూడుకొనిపోయిన శిల్పాలను, లెక్కలలో పూడుకొనిపోయిన సొమ్మును వెదకినాడన్నమాట.

ఈ గాథను అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788 నుండి 1848 వరకు గల గుంటూరు జిల్లా చరిత్రగా 1965లో గ్రంథస్థం చేసినారు. పైనున్న ప్రభుత్వానికి అధికారం ఉన్నను, లెక్కలు స్థానికుల చేతులలో ఉన్నంతకాలం నిజం పైకి చేరదని ఆ చరిత్ర మనకు బోధించును. అయితే ఒక మాట మరువరాదు. ఎలియట్ విచారణ ప్రజల కొరకు ప్రజలు కోరినది కాదు. తన శిస్తు తనకు చేరలేదను బాధతో కుంపిణీ చేయించినది.

ప్రజల ఫిర్యాదుపై జరిగిన విచారణ మరి కొన్నేళ్లకు వచ్చినది. మదరాసులో ‘క్రెసెంట్’ పత్రికను నడిపిన తెలుగువారు గాజుల లక్ష్మీనరసు చెట్టి మొదలగువారి కృషి ఫలితంగా, శిస్తు వసూలులో రైతులను హింసించుటపై 1854లో ఒక సంఘం ఏర్పడినది. ఆ సంఘం 1855 ఏప్రిల్‌లో, అనగా నెలలలోనే, నివేదిక ఇచ్చినది. శిస్తు వసూలు, పోలీసు అధికారం ఒకే చేతిలో నుండుటచే హింస, లంచం పెరిగినవని తేలినది. 1859లో మదరాసు రాష్ట్రానికి వేరుగా పోలీసు చట్టం వచ్చి పోలీసుశాఖ రెవిన్యూ నుండి విడివడినది. విచారణ వలన ఫలితం కలుగవలెనన్నచో కాలం ముఖ్యమని ఈ రెండు ఉదాహరణలు చాటుచున్నవి.

1952 చట్టం ఏమి చెప్పుచున్నది?

స్వాతంత్ర్యానంతరం ఇట్టి విచారణలకు ఆధారం 1952 నాటి విచారణ సంఘాల చట్టం. ప్రజలకు సంబంధించిన ముఖ్య విషయంపై కేంద్ర ప్రభుత్వంగాని రాష్ట్ర ప్రభుత్వంగాని సంఘాన్ని నియమింపవచ్చును. సంఘానికి సివిల్ కోర్టుకు ఉండు కొన్ని అధికారాలు కలవు. సాక్షులను పిలిపింపవచ్చును, ప్రమాణం చేయించి విచారింపవచ్చును, కాగితాలు తెప్పింపవచ్చును. ఎవరి ప్రతిష్ఠకు భంగం కలుగునని తోచునో వారికి తమ వాదం వినిపించుకొను అవకాశం తప్పక ఇవ్వవలెను.

కాని ఒక ముఖ్య విషయం సామాన్యులు గ్రహింపలేకున్నారు. విచారణ సంఘం నివేదిక తీర్పు కాదు. 1958లో దాల్మియా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసినది. సంఘం వాస్తవాలు కనుగొని సలహా చెప్పును, శిక్ష విధింపలేదు. అంతేకాదు, సంఘం ఎదుట ఒకరు చెప్పిన మాటను, అబద్ధపు సాక్ష్యం కేసులో తప్ప, వారిపై మరే కేసులోను సాక్ష్యంగా వాడరాదని చట్టం చెప్పుచున్నది. కనుక సంఘం తప్పు జరిగినదని చెప్పిన తరువాత పోలీసులు మరల మొదటి నుండి దర్యాప్తు చేయవలెను. కోర్టు మరల సాక్షులను వినవలెను. ఒకే పొలాన్ని రెండుమార్లు దున్నినట్లే. ఖర్చు రెండింతలు కాకుండ ఎట్లుండును?

1971లో ఈ చట్టానికి ఒక మంచి సవరణ వచ్చినది. నివేదిక అందిన 6 నెలలలోగా, ఆ నివేదికను, దానిపై తీసుకొన్న చర్యల పత్రాన్ని ప్రభుత్వం చట్టసభ ముందుంచవలెను. గడువు ప్రభుత్వానికి పెట్టినారు గాని, సంఘానికి మాత్రం చట్టం గడువు పెట్టలేదు. నియామకపు ఉత్తర్వులో 3 నెలలనియో 6 నెలలనియో వ్రాయుదురు. అవసరమైనప్పుడెల్ల పొడిగించుకొనుచు పోవుదురు.

ఇరువది నాలుగు దినాల విచారణ

విచారణ త్వరగా ముగియుట అసాధ్యమని కొందరు అందురు. అది నిజం కాదు. 1957 డిసెంబరులో లోకసభలో ఫిరోజ్ గాంధీ ఒక ప్రశ్న లేవనెత్తినారు. జీవిత బీమా సంస్థ సొమ్ము, అనగా పాలసీదారుల సొమ్ము, ముంద్రా కంపెనీల వాటాలలో ఎందుకు పెట్టినారని అడిగినారు. ఆ మొత్తం కోటి రూపాయలకు పైబడినది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఏకసభ్య సంఘంగా 1958 జనవరిలో విచారణ చేపట్టి 24 దినాలలో నివేదిక ఇచ్చినారు. విచారణ బహిరంగంగా జరిగినది. లోపల చోటు చాలని జనం వినుటకు బయట ధ్వనివర్ధకాలు కూడ ఏర్పాటు చేసినారు. ఆ ఫిబ్రవరిలోనే ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేసినారు.

పంజాబు ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరాన్‌పై వచ్చిన ఆరోపణలను సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ విచారించినారు. 1963 నవంబరులో ప్రారంభమైన ఆ పని 1964 జూన్‌లో ముగిసినది. నివేదిక రాగానే కైరాన్ పదవి వదలినారు. ఆరోపణలు అనేకం, కాలం 7 నెలలే.

విదేశాలలో కూడ ఇట్టి ఉదాహరణ ఒకటి కలదు. 1973లో హాంకాంగులో గాడ్‌బర్ అను పోలీసు అధికారి విచారణలో నుండగా దేశం విడిచి పారిపోయినాడు. ప్రజలు ఆగ్రహించినారు. బ్లెయిర్-కెర్ అను న్యాయమూర్తి ఆ సంవత్సరమే విచారించి రెండు నివేదికలు ఇచ్చినారు. 1974 ఫిబ్రవరిలో అవినీతి నిరోధానికి స్వతంత్ర సంస్థ ఏర్పడినది. కోపం చల్లారకముందే చట్టం వచ్చినది.

మన రాష్ట్రంలో విమదలాల్ సంఘం

మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి స్థాయిలో జరిగిన విచారణలలో పేరొందినది విమదలాల్ సంఘం. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారిన తరువాత, ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, మరికొందరిపై వచ్చిన ఆరోపణలను విచారించుటకు బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి జె.ఆర్. విమదలాల్‌ను కేంద్రం నియమించినది. రాష్ట్ర ముఖ్యమంత్రిపై విచారణకు కేంద్రానికి అధికారం ఉన్నదా అను ప్రశ్న ఆనాడు దేశమంతట చర్చకు వచ్చినది. కర్ణాటకలో దేవరాజ్ అర్స్‌పై నియమించిన గ్రోవర్ సంఘం విషయంలో అది సుప్రీంకోర్టుకు ఎక్కగా, ఏడుగురు న్యాయమూర్తుల పీఠం 1977 నవంబరులో కేంద్రానికి ఆ అధికారం ఉన్నదని తీర్పు చెప్పినది.

ఆ దినాల వరుసను డెల్టావాసులు జ్ఞాపకం చేసికొనవలెను. 1977లో సంఘం నియామకం. అదే సంవత్సరం నవంబరు 19న దివిసీమపై ఉప్పెన, వేలమంది మరణం. 1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు. మార్చి 6న మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి. ఇన్ని సంఘటనల నడుమ ఒక విచారణ నివేదికను శ్రద్ధగా చదువు తీరిక ఎవరికి ఉండును? శవాలను వెదకుకొనుచున్న అవనిగడ్డ రైతుకు హైదరాబాదులోని సాక్ష్యాల సంగతి వినవలెనను ధ్యాస ఉండునా? వెంగళరావు తరువాతి దశాబ్దంలో కేంద్రంలో పరిశ్రమల మంత్రి అయినారు. ఆరోపణ వచ్చినంత మాత్రాన మనిషి దోషి కాడు. విచారణ నడచినంత మాత్రాన ప్రజాజీవితం ఆగదు. అయితే ఆరోపణ నిజమో అబద్ధమో ప్రజలు ఓటు వేయునాటికి తెలిసియుండవలెనని కోరుట అత్యాశ కాదు.

ఈ అనుభవాల ఫలితంగా, విషయం వచ్చినప్పుడెల్ల కొత్త సంఘాన్ని వెదకుటకంటె శాశ్వతమైన సంస్థ మేలను ఆలోచన బలపడినది. మన రాష్ట్రంలో అవినీతి నిరోధకశాఖ 1961 నుండి ఉన్నది. 1983లో లోకాయుక్త చట్టం వచ్చినది. శాశ్వత సంస్థకు గది ఉండును, గుమాస్తాలు ఉందురు, అనుభవం ఉండును. కొత్త సంఘానికి కుర్చీలు కొనుటతోనే మొదటి నెల గడచిపోవును.

కాలం ఎందుకు సాగును?

విచారణ సాగుటకు మాకు తోచిన కారణాలు ఐదు. మొదటిది, పరిధి విశాలమగుట. ఒక ప్రశ్నకు బదులు ముప్పది ప్రశ్నలు అడిగినచో ముప్పదింతల సాక్షులు వత్తురు. రెండవది, కాగితాలు అందకపోవుట. ఏ శాఖపై విచారణయో ఆ శాఖ చేతిలోనే దస్త్రాలుండును. మూడవది, ప్రతి మెట్టులోను కోర్టుకు పోవుట. ఒక స్టే వచ్చినచో నెలలు, ఏండ్లు గడచును. నాలుగవది, వాయిదాలు. ఐదవది, విచారణ ముగియకుండుటయే కొందరికి లాభం కావుట. ‘విషయం విచారణలో ఉన్నది’ అను ఒక్క వాక్యం చట్టసభలో ఎన్నో ప్రశ్నలకు తలుపు మూయగలదు.

ఐర్లండు దేశంలో భూముల వినియోగపు అనుమతులకై రాజకీయ నాయకులు లంచాలు తీసుకొనినారను ఆరోపణపై 1997లో ఒక న్యాయ విచారణ మొదలైనది. దాని తుది నివేదిక 2012లో వచ్చినది. పదునైదేండ్ల కాలంలో ఖర్చు పదికోట్ల యూరోలు దాటినది. అందులో అధిక భాగం న్యాయవాదుల ఫీజులే. విచారణ నిజాలను వెలికి తీసిన మాట వాస్తవమే. కాని విచారణ ప్రారంభమైనప్పుడు పుట్టిన శిశువు దాని ముగింపునాటికి ఉన్నత పాఠశాలలో చదువుచున్నాడు.

మన దేశంలో కాలానికి కొలబద్దగా చెప్పదగినది లిబర్‌హాన్ సంఘం. దాని విషయం అవినీతి కాదు, అయోధ్య సంఘటన. 1992 డిసెంబరులో 3 నెలల గడువుతో ఏర్పడి, 48 మార్లు పొడిగింపు పొంది, 2009 జూన్ 30న నివేదిక ఇచ్చినది. ఖర్చు సుమారు 8 కోట్ల రూపాయలు.

ఖర్చు లెక్క

ఇచ్చట విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవలెను. 8 కోట్లను రమారమి 198 నెలలకు పంచినచో నెలకు 4 లక్షలు వచ్చును. నెలకు 4 లక్షలు ఒక ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. అయినను మొత్తం 8 కోట్లైనది. అనగా విచారణలో ఖర్చును పెంచునది సాధారణంగా ఆడంబరం కాదు, కాలమే.

మరియొక ఊహాలెక్క. ఒక సంఘం జీతాలకు, అద్దెకు, ప్రయాణాలకు, న్యాయవాదులకు నెలకు 10 లక్షలు అగుననుకొందము. నిజంగా సాక్ష్యం విన్న దినాలు 40 అనుకొందము. విచారణ 6 నెలలలో ముగిసినచో ఖర్చు 60 లక్షలు. వినిన దినం ఒక్కింటికి లక్షన్నర. అదే విచారణ 3 సంవత్సరాలు సాగినచో ఖర్చు 3 కోట్ల 60 లక్షలు. దినం ఒక్కింటికి 9 లక్షలు. సాక్ష్యం పెరుగలేదు, నిజం పెరుగలేదు. ఖర్చు మాత్రం ఆరింతలైనది.

ఇది ఖజానా లెక్క మాత్రమే. ఖజానాకు ఎక్కని ఖర్చు మరియొకటి ఉన్నది. దివిసీమ నుండి ఒక సన్నకారు రైతు సాక్షిగా రాజధానికి పోవలసి వచ్చినదనుకొందము. రెండు దినాల ప్రయాణం, ఒక దినం నిరీక్షణ, చివరకు వాయిదా. ఊడ్పుల రోజులలో మూడు దినాలు పొలం విడిచిపోయినవాడు రెండవసారి పిలుపు వచ్చినప్పుడు ఏమి చేయును? ‘నాకేమియు తెలియదు’ అనును. సాక్షులు ఎదురు తిరిగినారని పత్రికలలో చదువుదుము. వారిలో కొందరు అమ్ముడుపోయి యుండవచ్చును. కొందరు మాత్రం అలసిపోయినవారు.

నిందితుడు నిర్దోషియైనచో అతని ఖర్చు ఇంకను అధికం. పదేండ్ల తరువాత ‘తప్పు లేదు’ అని చెప్పినను, ఆ పదేండ్లు బజారులో తలదించుకొని నడచిన భార్యాబిడ్డలకు ఎవరు పరిహారం చెల్లింతురు?

బోఫోర్స్ ఫిరంగుల వ్యవహారం ఈ సందర్భంలో పాఠం వంటిది. 1986లో ఒప్పందం, 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ఆరోపణ, 1990లో కేసు, 1999లో అభియోగపత్రం. చేతులు మారినవని చెప్పిన సొమ్ము 64 కోట్లు. 2005 మే 31న ఢిల్లీ హైకోర్టు మిగిలిన అభియోగాలను కొట్టివేయుచు, దర్యాప్తునకు ప్రజాధనం సుమారు 250 కోట్లు ఖర్చైనదని వ్యాఖ్యానించినది. దర్యాప్తు సంస్థ తరువాత చెప్పిన లెక్క మాత్రం 5 కోట్లకు లోపే. ఈ రెండు అంకెల నడుమ ఎంత అంతరమో చూడుడు. లంచం ఎంతో తేలలేదు. లంచాన్ని విచారించిన ఖర్చెంతో కూడ తేలలేదు! ఆ తీర్పుపై దర్యాప్తు సంస్థ చేసిన అప్పీలును, 13 ఏండ్ల ఆలస్యమైనదను కారణంతో సుప్రీంకోర్టు 2018లో త్రోసిపుచ్చినది. కొండను త్రవ్వి ఎలుకను కూడ పట్టలేదన్నమాట.

తొందర కూడ ప్రమాదమే

ఇంతమాత్రాన ప్రతి విచారణ 24 దినాలలో ముగియవలెనని మేము చెప్పుట లేదు. ఆనకట్ట ఎందుకు కుంగినదో తెలిసికొనుటకు ఇంజనీరు నేల త్రవ్వి చూడవలెను. తెలంగాణలో 2023 అక్టోబరులో మేడిగడ్డ ఆనకట్ట స్తంభాలు కుంగిన తరువాత, కాళేశ్వరం ఆనకట్టల విషయమై 2024 మార్చిలో జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ సంఘాన్ని 100 దినాల గడువుతో నియమించినారు. గడువు పలుమార్లు పెరిగి, నివేదిక 2025 జూలై 31న, రమారమి 16 నెలలకు అందినది. ముఖ్యమంత్రిగా పనిచేసిన కె. చంద్రశేఖరరావు సహితం 2025 జూన్‌లో సంఘం ఎదుటికి వచ్చినారు. సాంకేతిక విషయం గనుక 100 దినాలు చాలవని మొదటనే గ్రహించియుండవలసినది. సాధ్యం కాని గడువు పెట్టుట గడువు లేకుండుట వంటిదే; రెండింటికి ప్రజలు విలువ ఇవ్వరు.

అదే సంవత్సరం విద్యుత్ కొనుగోళ్లపై నియమితమైన మరియొక సంఘం అధ్యక్షుడు విచారణ ముగియకముందే పత్రికా సమావేశంలో మాట్లాడినారను అభ్యంతరం వచ్చినది. 2024 జూలై 16న సుప్రీంకోర్టులో ఈ సంగతి చర్చకు రాగా ఆయన తప్పుకొన్నారు. జస్టిస్ మదన్ బి. లోకూర్ ఆ స్థానంలోనికి వచ్చినారు. విచారించువాడు తన అభిప్రాయాన్ని ముందుగా చెప్పినట్లు తోచినచో, ఎంత త్వరగా ముగించినను ఆ నివేదికను ఎవరును నమ్మరు. న్యాయం వేగంగా నడువవలెను గాని, పరుగెత్తుచు తొట్రుపడరాదు.

చేయదగినవి

పై పరిశీలన వలన మాకు తోచిన సూచనలు ఇవి. విచారణ పరిధిని కొద్ది ప్రశ్నలకు కుదింపవలెను. సంఘం ఏర్పడిన దినమే సంబంధిత దస్త్రాలన్నిటిని స్వాధీనం చేసికొనవలెను. సాక్ష్యం మొదలైన తరువాత ప్రతిదినం కూర్చుండి ముగింపవలెను. సాక్షుల ఊరికి దగ్గరనున్న పట్టణంలోనే విచారింపవలెను; బందరు సంగతిని బందరులోనే వినుటకు అడ్డేమి? గడువు పొడిగింపవలసి వచ్చినచో కారణాన్ని చట్టసభ ముందుంచవలెను. ప్రతి 3 నెలలకు ఖర్చు లెక్కను ప్రకటింపవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇట్టి లెక్కను అడుగు హక్కును ప్రతి పౌరునికి ఇచ్చినది. బ్రిటనులో 2005 నాటి చట్టం, అనవసర వ్యయం కాకుండ చూచు బాధ్యతను విచారణాధ్యక్షునిపైననే ఉంచినది. మన చట్టంలో కూడ అట్టి మాట చేర్చుట మంచిది. చివరగా, నివేదికపై 6 నెలలలో చర్యల పత్రం ఉంచవలెనను నియమాన్ని ప్రజలు మరువకుండ ప్రభుత్వాన్ని అడుగవలెను.

ఖర్చు అధికమైనదని విచారణలనే మానుకొనవలెనని కొందరు వాదింతురు. దీనిని మేము అంగీకరింపము. పూడిక తీయుటకు సొమ్ము అగుననుచు కాలువను పూడనిచ్చిన రైతు ఉన్నాడా? విచారణ లేని చోట దొంగకు ధైర్యం, నిర్దోషికి అపవాదు రెండును శాశ్వతమగును. కావలసినది విచారణ మానుట కాదు, అదనులో ముగించుట.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో కొందరు రేపు వకీళ్లగుదురు, కొందరు గుమాస్తాలగుదురు, కొందరు ఉపాధ్యాయులగుదురు. ఎవరికైనను ఒకనాడు సాక్షిగా నిలువవలసి రావచ్చును, లేదా ఒక దస్త్రం మీ చేతిలో ఉన్నప్పుడు అధికారి అడుగవచ్చును. ఆనాడు ఆ దస్త్రాన్ని ఒక వారం ఆలస్యంగా ఇచ్చుట చిన్న తప్పుగా కనిపించును. అట్టి చిన్న ఆలస్యాలు కూడియే పదునేడేండ్ల విచారణలైనవని జ్ఞాపకముంచుకొనుడు.

కళాశాల కార్యవర్గం వారికి కూడ మా మనవి ఒకటి. వసతిగృహపు భోజనశాల లెక్క, క్రీడల నిధి లెక్క, ఈ వార్షిక సంచిక ముద్రణ లెక్క నెలనెల ప్రకటన పలకపై పెట్టించినచో విద్యార్థులు లెక్క అడుగుట, పెద్దలు లెక్క చెప్పుట అలవాటగును. అడిగినవాడు శత్రువు కాడని, చెప్పినవాడు దోషి కాడని చిన్ననాటనే తెలియును. ‘మామూలు’ అను మాటకు దాని పాత అర్థం మరల రావలెను. మన కచ్చేరీలలో, మన కళాశాలలో, లెక్క చెప్పుటయే మామూలు కావలెను.